ఇంట్లో చిన్న పరారుణ లేజరు: ముందు పెట్టె, తర్వాతే డయోడు

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. పాత వీసీడీ ప్లేయరు నుంచి పరారుణ లేజరు డయోడు తీసి, దాని కిరణం మీద మాటను గది ఈ చివర నుంచి ఆ చివరకు పంపాలనుకుంటున్నారు. డయోడు కాలిపోతుందేమోనని అనుమానం. మీ స్నేహితుడు 808 నానోమీటర్ల, 500 మిల్లీవాట్ల మాడ్యూలు కొంటే పని సులువవుతుందన్నాడు. కిరణం కంటికి కనిపించదు కాబట్టి ఫోను కెమెరాలో చూసుకుంటూ పనిచేస్తే సరిపోతుందా అన్నది మీ చివరి ప్రశ్న. ఇంట్లో చిన్న చెల్లెలు ఉందని కూడా రాశారు. ఆ మాట రాయడం మంచిదైంది, ఎందుకంటే నా జవాబులో సగం ఆమెను దృష్టిలో పెట్టుకునే ఉంటుంది.

లేజరు తప్పకుండా చెయ్యండి. 780 నానోమీటర్ల, 5 మిల్లీవాట్ల లోపు డయోడుతో చెయ్యండి. 500 మిల్లీవాట్ల మాడ్యూలు వద్దు. ఫోను కెమెరా రక్షణ సాధనం కాదు. డయోడు ముట్టుకోకముందే అది కూర్చునే పెట్టెను పూర్తి చెయ్యండి.

పరారుణం విషయంలో ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. మన కన్ను 400 నుంచి 1400 నానోమీటర్ల వరకు ఉన్న కాంతిని లోపలికి రానిచ్చి రెటీనా మీద చిన్న చుక్కగా కేంద్రీకరిస్తుంది. కార్నియా దగ్గర ఉన్న తీవ్రత రెటీనా దగ్గరకు వచ్చేసరికి సుమారు లక్ష రెట్లు పెరుగుతుంది. అయితే రెటీనా చూడగలిగేది మాత్రం దాదాపు 700 నానోమీటర్ల వరకే. మిగిలిన భాగం లోపలికి వస్తుంది, కేంద్రీకృతమవుతుంది, కాలుస్తుంది, కానీ కనిపించదు. ఎర్ర లేజరు కంట్లో పడితే పావు సెకనులో రెప్ప పడుతుంది, తల పక్కకు తిరుగుతుంది. 1 మిల్లీవాట్ ఎర్ర పాయింటరును ప్రమాదం తక్కువ ఉన్న తరగతిలో పెట్టడానికి ఆధారం ఈ సహజ ప్రతిచర్యే. పరారుణానికి రెప్ప పడదు. రెటీనాలో నొప్పి తెలిపే నాడులు లేవు కాబట్టి నొప్పీ ఉండదు.

780 నానోమీటర్ల దగ్గర ఇంకో మోసం ఉంది. అది పూర్తిగా అదృశ్యం కాదు. కన్ను బాగా చూడగలిగే ఆకుపచ్చరంగుతో పోలిస్తే 60 వేల వంతుల్లో ఒక వంతు కన్నా తక్కువ స్పందన మిగిలి ఉంటుంది. అందువల్ల తెల్ల కాగితం మీద మసక ఎరుపు చుక్క కనిపిస్తుంది. కొత్తవారు దాన్ని చూసి ఇది బలహీనమైన లేజరు అనుకుంటారు, కరెంటు పెంచుతారు, దగ్గరగా వంగి చూస్తారు. ఆ మసక చుక్క వెనుక పూర్తి 5 మిల్లీవాట్లు ఉన్నాయని కన్ను చెప్పలేదు.

ప్రమాణాలు కూడా ఈ తేడాను లెక్కలోకి తీసుకున్నాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60825-1 ప్రకారం 5 మిల్లీవాట్ల ఎర్ర పాయింటరు 3ఆర్ తరగతిలోకి వస్తుంది. అదే 5 మిల్లీవాట్లు 780 నానోమీటర్ల సన్నని కిరణంగా వస్తే అది అంతకన్నా ప్రమాదకరమైన 3బి. పరారుణంలో అక్కడ అన్నిటికన్నా సురక్షితమైన 1వ తరగతి హద్దు సుమారు అర మిల్లీవాట్, 3ఆర్ హద్దు దానికి అయిదు రెట్లు. మార్కెట్లో 5 మిల్లీవాట్లంటే బొమ్మ పాయింటరే కదా అన్న ధోరణి ఉంది. పరారుణానికి అది వర్తించదు.

ఇప్పుడు మీ దగ్గరున్న వీసీడీ ప్లేయరును వెనక్కి తిప్పి చూడండి. క్లాస్ 1 లేజర్ ప్రాడక్ట్ అన్న అచ్చు ఉంటుంది. లోపలున్నది మనం ఇప్పుడు భయపడుతున్న డయోడే. అయినా యంత్రం మొత్తానికి అన్నిటికన్నా సురక్షితమైన తరగతి ఎలా వచ్చింది? కిరణం ఎప్పుడూ పెట్టె దాటదు. అందులోనూ చాలా ప్లేయర్లలో మూత తెరిస్తే లేజరు ఆగిపోయే మీట ఉంటుంది. ఎన్నో తెలుగు ఇళ్లలో ఏళ్ల తరబడి టీవీ కింద పరారుణ లేజరు వెలుగుతూనే ఉంది, ఎవరి కంటికీ హాని జరగలేదు. ఆ యంత్రం తయారుచేసినవారు చేసిన పనే మీరూ చెయ్యాలి.

పెట్టెకు లోహపు ప్రాజెక్టు బాక్సు మంచిది. మందపాటి ప్లైవుడ్ అయినా ఫరవాలేదు. పలుచని ప్లాస్టిక్కు వద్దు, కంటికి నల్లగా కనిపించే ప్లాస్టిక్కులు కొన్ని పరారుణాన్ని దర్జాగా దాటనిస్తాయి. లోపలి గోడలకు మెరుపు లేని నల్ల రంగు వెయ్యండి. నల్లగా ఆనోడైజ్ చేసిన అల్యూమినియం చూడటానికి బాగుంటుంది గానీ, ఆ అద్దకం చాలాసార్లు పరారుణానికి పారదర్శకం, కింద ఉన్న లోహం అద్దంలా పనిచేస్తుంది. కిరణం చివర తగిలే చోట రంగు వేయని ఇటుక ముక్క పెట్టండి, దానికి మించిన చవకైన అడ్డు లేదు. మూతకు ఒక మైక్రోస్విచ్ బిగించి బ్యాటరీ తీగతో వరుసలో కలపండి, మూత లేస్తే కరెంటు పోవాలి. తాళంచెవితో పనిచేసే స్విచ్ ఒకటి, లేజరు వెలుగుతోందని తెలిపే మామూలు ఎల్ఈడీ ఒకటి బయట ఉండాలి. తాళంచెవి మీ జేబులో ఉంటే చెల్లెలి విషయంలో మీ చింత చాలావరకు తీరుతుంది.

పాత ప్లేయరు నుంచి డయోడు తీయడం గురించి ఒక మాట. కొన్ని ప్లేయర్లలో లేజరూ గ్రాహకమూ ఒకే చిన్న తొడుగులో, చాలా కాళ్లతో ఉంటాయి. అలాంటిది దొరికితే పక్కన పెట్టండి. మూడు కాళ్లున్న 5.6 మిల్లీమీటర్ల గుండ్రని లోహపు డబ్బాలాంటిది దొరికితే అది మీకు కావలసినది. మూడింటిలో ఒకటి ఉమ్మడి కాలు, ఒకటి లేజరుది, ఇంకొకటి వెనుక నుంచి వచ్చే కాంతిని కొలిచే చిన్న ఫోటోడయోడుది. కొన్ని సోనీ పికప్‌ల (డిస్కును చదివే భాగాల) మీద స్టిక్కరులో ఆ డయోడుకు కావలసిన కరెంటు అంకెల్లో ఉంటుంది, చివర 423 అని ఉంటే 42.3 మిల్లీ ఆంపియర్లు. నా సలహా అడిగితే, మొదటిసారి డేటాషీటుతో వచ్చే కొత్త 780 నానోమీటర్ల డయోడు కొనండి. ఏ కాలు ఏదో, గరిష్ఠ కరెంటు ఎంతో ఊహించే పని తప్పుతుంది. కంప్యూటర్ సీడీ రైటరులోని డయోడు జోలికి వెళ్లవద్దు. అది డిస్కును కాల్చడానికి చేసినది, తరంగదైర్ఘ్యం అదే అయినా శక్తి వంద మిల్లీవాట్లు దాటవచ్చు.

డయోడు ఎందుకు అంత త్వరగా చస్తుందో తెలిస్తే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. లేజరు డయోడు అంచు ఒక అతి చిన్న అద్దం. కరెంటు క్షణకాలం హద్దు దాటినా ఆ అంచు దగ్గర కాంతి తీవ్రత పెరిగి పదార్థం కరిగిపోతుంది, నానోసెకన్లు చాలు. తర్వాత కూడా అది మసకగా వెలుగుతుంది, కానీ లేజరుగా కాదు, మామూలు ఎల్ఈడీగా. 1962లో రాబర్ట్ హాల్ బృందం మొదటి సెమీకండక్టర్ లేజరును వెలిగించినప్పుడు దాన్ని ద్రవ నైట్రోజన్ చలిలో ఉంచి, క్షణిక స్పందనలుగా మాత్రమే నడపగలిగింది. గది ఉష్ణోగ్రతలో నిరంతరం నడవడానికి 1970 దాకా ఆగాల్సి వచ్చింది. మీ చేతిలో ఉన్న చిన్న డబ్బా ఆ కృషి ఫలితం, దానికి తగిన మర్యాద ఇవ్వండి.

దానికి వోల్టేజి కాదు, స్థిరమైన కరెంటు కావాలి. ఎల్ఎం317 అనే మూడు కాళ్ల రెగ్యులేటరు చిప్పు ఒకటి చాలు. దాని అవుట్‌పుట్ కాలికీ అడ్జస్ట్ కాలికీ మధ్య 1.25 వోల్టులు నిలబెడుతుంది కాబట్టి, ఆ రెండిటి మధ్య పెట్టిన రెసిస్టరే కరెంటును నిర్ణయిస్తుంది. 33 ఓముల స్థిర రెసిస్టరు, దానితో వరుసలో 100 ఓముల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టరు) పెడితే కరెంటు దాదాపు 9 నుంచి 38 మిల్లీ ఆంపియర్ల మధ్య తిరుగుతుంది. ప్రీసెట్‌ను పూర్తిగా తిప్పేసినా 38 దాటదు, స్థిర రెసిస్టరు ఉండేది అందుకే. మీ డయోడు గరిష్ఠం వేరైతే ఆ రెసిస్టరు విలువ మార్చుకోండి. ప్రీసెట్ మధ్య కాలిని ఒక చివరి కాలితో కలిపి సోల్డరు చెయ్యండి. లోపలి జారుడు ముక్క ఎప్పుడైనా అంటుకోకపోతే నిరోధం మొత్తం దారిలోకి వచ్చి కరెంటు తగ్గుతుందే తప్ప పెరగదు. విద్యుత్తుకు 9 వోల్టుల బ్యాటరీ వాడండి. చవక అడాప్టర్లు స్విచ్ వేసినప్పుడు ఇచ్చే కుదుపు ఒక్కటే డయోడును చంపగలదు. డయోడుకు సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, తలకిందులుగా ఒక 1ఎన్4148 మామూలు డయోడు పెట్టండి, ఎందుకంటే లేజరు డయోడు వ్యతిరేక వోల్టేజిని తట్టుకోలేదు.

లేజరు కలపకముందు దాని స్థానంలో మూడు 1ఎన్4007 డయోడులు, ఒక 1 ఓము రెసిస్టరు వరుసగా కలిపి పరీక్షించండి. మూడు డయోడుల మీద పడే వోల్టేజి లేజరు డయోడుకు దగ్గరగా, సుమారు 2 వోల్టులు ఉంటుంది. 1 ఓము మీద మల్టీమీటరు చూపే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీ ఆంపియరు. ప్రీసెట్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి, స్విచ్ పదేపదే వేసి తీసి చూడండి, బ్యాటరీ తీగ కదిపి చూడండి. అంకె ఎక్కడా గెంతకూడదు. ఇదంతా తృప్తిగా అయ్యాక ప్రీసెట్‌ను కరెంటు కనిష్ఠంగా ఉండే చివరకు తిప్పి ఆపండి.

ఇక అసలు డయోడు. కాళ్లను సన్నని తీగతో చుట్టి ఒకదానికొకటి కలిపి ఉంచండి, చేతిని ముందుగా భూమికి కలిసిన లోహానికి తాకించండి. సోల్డరు పూర్తయి, సర్క్యూట్‌లో కూర్చున్న తర్వాతే ఆ చుట్టు తీసెయ్యండి. కరెంటు ఉండగా డయోడు తీగను ఊడదీసి మళ్లీ తగిలించడం అతి సాధారణమైన మరణ కారణం. తీగ ఊడినప్పుడు అవుట్‌పుట్ వోల్టేజి పైకి ఎగబాకి కెపాసిటరులో నిండుతుంది, మళ్లీ తగిలించగానే అదంతా డయోడులోకి ఒక్కసారిగా దూకుతుంది. కాబట్టి క్లిప్పులు వద్దు, సోల్డరే. డయోడును ఇత్తడి లేదా అల్యూమినియం గొట్టంలో బిగించండి. వేడి పెరిగితే లేజరు మొదలయ్యే కరెంటూ పెరుగుతుంది, మే నెల మధ్యాహ్నం కొలిచిన అంకె డిసెంబరు ఉదయం కొలిచినదానితో కలవదు.

లెన్సు ఇంకా పెట్టవద్దు. లెన్సు లేకుండా కాంతి ఒక దిశలో సుమారు 10 డిగ్రీలు, దానికి అడ్డంగా 30 డిగ్రీలు విచ్చుకుంటుంది, జానెడు దూరానికే పెద్ద మచ్చగా పరుచుకుంటుంది. లెన్సు బిగించిన క్షణం నుంచి అదే శక్తి మొత్తం ఒకేసారి కంటిపాపలో దూరగలదు. ప్రమాదం మొదలయ్యే చోటు అదే. కాబట్టి లెన్సు లేకుండా, మూసిన పెట్టెలోనే మొదటి పరీక్ష చెయ్యండి. డయోడుకు ఎదురుగా దగ్గరలో ఒక బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడు పెట్టి, దాని తీగలు మాత్రం బయటకు తెచ్చి మల్టీమీటరులో మైక్రో ఆంపియర్లు చదవండి. లేజరు కరెంటును ఒక్కో మిల్లీ ఆంపియరు పెంచుతూ రెండు అంకెలూ రాసుకోండి, గ్రాఫు గీయండి. మొదట గీత దాదాపు నేలబారుగా సాగి, ఒకచోట, సాధారణంగా 25 నుంచి 35 మిల్లీ ఆంపియర్ల మధ్య, ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ మలుపు త్రెషోల్డ్. అక్కడికి ముందు మీ దగ్గరున్నది ఎల్ఈడీ, దాటాక లేజరు. మలుపు కనిపించకుండా నెమ్మదిగా పెరుగుతూ పోతే డయోడు చనిపోయినట్టే. మసక ఎరుపు చుక్క ఈ రెండిటికీ తేడా చెప్పదు, గ్రాఫు చెబుతుంది. విద్యార్థులు ఆ మలుపును తమ చేత్తో గీసుకోవడం చూడటం నాకెప్పుడూ సంతోషమే. లేజరంటే ఏమిటో అర్థమయ్యేది ఆ గీత దగ్గరే.

మాట పంపే భాగం ఆ తర్వాత సులభం. కరెంటును త్రెషోల్డ్‌కు, గరిష్ఠానికి మధ్యలో నిలపండి. ఆడియో సంకేతాన్ని ఆ కరెంటుకు కలపవద్దు, దానిలోంచి తీసివెయ్యండి. అంటే డయోడుకు సమాంతరంగా ఒక బీసీ547 ట్రాన్సిస్టరు పెట్టి, దాని ఎమిటరు కాలిలో 220 ఓములు ఉంచి, అది 2 మిల్లీ ఆంపియర్ల చుట్టూ ఊగేలా చెయ్యండి. మైకులో ఎంత గట్టిగా అరిచినా లేజరు కరెంటు మీరు పెట్టిన హద్దు దాటి పైకి పోదు. నేను చూసిన చాలా సర్క్యూట్ బొమ్మల్లో ఆడియోను కెపాసిటరు ద్వారా నేరుగా డయోడుకు తగిలిస్తారు, ఫోను వాల్యూము పెంచగానే డయోడు పోతుంది. గ్రహించే వైపు అదే బీపీడబ్ల్యూ34, ఒక చిన్న ఆంప్లిఫయరు చాలు. కాంతి మీద మాట పంపడం 1880లోనే గ్రాహంబెల్ సూర్యకాంతితో చేసి చూపిన పని, దానికి 500 మిల్లీవాట్లు అక్కర్లేదు.

కిరణాన్ని పెట్టె దాటించాలంటే ఒక షరతు ఉంది: బయటకు వచ్చేది అర మిల్లీవాట్ కన్నా బాగా తక్కువగా ఉండాలి. కొలవడానికి మీ ఫోటోడయోడే పనికివస్తుంది. 780 నానోమీటర్ల దగ్గర అది ప్రతి మిల్లీవాట్‌కు సుమారు అర మిల్లీ ఆంపియరు ఇస్తుంది. మొత్తం చుక్క దాని చదరం మీద పడినప్పుడు 0.1 మిల్లీ ఆంపియరు చూపితే సుమారు 0.2 మిల్లీవాట్లు అన్నమాట. అంచనాలో తప్పుకు చోటివ్వాలి కాబట్టి అంతకు మించనివ్వకండి. తగ్గించడానికి కెమెరా నల్ల ఫిల్టర్లు వాడవద్దు, వాటిలో చాలా రకాలు కనిపించే కాంతిని ఆపి పరారుణాన్ని వదులుతాయి. డయోడుకూ లెన్సుకూ మధ్య, కాంతి విచ్చుకున్న చోట సన్నని రంధ్రమున్న లోహపు రేకు అడ్డం పెట్టండి. మిగతా కాంతి పెట్టెలోనే ఆగిపోతుంది. రంధ్రం పెద్దది చేయడం చేతనవుతుంది గానీ చిన్నది చేయలేరు, సన్నగా మొదలుపెట్టండి.

ఫోను కెమెరా గురించి. ముందు కెమెరాతో టీవీ రిమోట్ కొనను చూస్తే చాలా ఫోన్లలో వెలుగు కనిపిస్తుంది, కాబట్టి అది పరారుణం ఉందని చెప్పగలదు. ఎంత ఉందో చెప్పలేదు, వెలుగును తనకు తానే సర్దుకుంటుంది. వెనుక కెమెరాలో పరారుణ ఫిల్టరు ఉండటం వల్ల ఏమీ లేదని కూడా చూపవచ్చు. తెల్ల కాగితం మీద చుక్క ఎక్కడ పడిందో వెతకడానికి వాడండి, అంతే. కెమెరాను కిరణంలోకి తిప్పితే దాని సెన్సరు కూడా పోవచ్చు.

కళ్లద్దాల దగ్గర చాలామంది మోసపోతారు. చవక లేజరు కిట్లతో వచ్చే రంగు అద్దాలను పక్కన పడేయండి. నల్లకళ్లద్దాలు, వెల్డింగ్ అద్దాలు కూడా ప్రత్యామ్నాయం కాదు. లేజరు కళ్లద్దాల ఫ్రేము మీద తరంగదైర్ఘ్యాల పరిధి, కాంతిని ఎంత ఆపుతుందో తెలిపే ఓడీ అంకె అచ్చు వేసి ఉండాలి. ఓడీ 4 అంటే పదివేల వంతుల్లో ఒక వంతు మాత్రమే దాటుతుంది. మార్కెట్లో విరివిగా దొరికే నారింజ రంగు అద్దాల మీద 190 నుంచి 540, 800 నుంచి 2000 అని ఉంటుంది. చూడటానికి పరారుణం మొత్తం కవరైనట్టే ఉంటుంది, కానీ మీ 780 సరిగ్గా ఆ సందులో పడుతుంది. కొనేముందు ఆ అంకెలు మీరే చదవండి, దుకాణదారుడి మాట మీద ఆధారపడవద్దు.

పచ్చ పాయింటర్ల సంగతి కూడా చెప్పాలి, మీ స్నేహితుడి మాడ్యూలు ఆ జాతిదే. చవక పచ్చ పాయింటరులో 808 నానోమీటర్ల డయోడు ఒక స్ఫటికాన్ని ప్రేరేపించి 1064 పుట్టిస్తుంది, మరో స్ఫటికం దాన్ని 532 పచ్చగా మారుస్తుంది. చివర పరారుణ ఫిల్టరు పెట్టకపోతే 808 అలాగే బయటకు వస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2010లో పరీక్షించిన ఒక పాయింటరు మసక పచ్చ వెలుగుతో పాటు దాదాపు 20 మిల్లీవాట్ల పరారుణాన్ని వదులుతోంది. అందులో ఆ 808 అనుకోకుండా బయటకు వస్తోంది. మీ స్నేహితుడు కొనమన్నది దానికి 25 రెట్లు. అంత శక్తి ఒక స్టీలు గిన్నె అంచు మీద, బీరువా అద్దం మీద, అమ్మ చేతి గాజుల మీద పడి మళ్లినా కంటిని శాశ్వతంగా పాడుచేయగలదు. ఇంట్లో దాన్ని సురక్షితంగా నడిపే గది ఉండదు.

పనిచేసేటప్పుడు ఉంగరం, గడియారం తీసేయండి. గదిలో దీపాలన్నీ వెలిగించండి. చీకట్లో కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, వెలుగులో రెండు మూడుకు ముడుచుకుంటుంది. చీకటి చేస్తే చుక్క బాగా కనిపిస్తుందన్న ఆశతో కంటి తలుపులు బార్లా తెరుస్తున్నారని మరవకండి. కిరణం ఏ ఎత్తులో పోతుందో చూసుకోండి. మీరు నిలబడితే నడుము దగ్గరున్న బల్ల ఎత్తు చెల్లెలికి దాదాపు కళ్ల ఎత్తు. కింద కూర్చుని పనిచేస్తే మీ కళ్లకూ అదే. కిరణాన్ని సరిచూసేటప్పుడు ఎప్పుడూ పక్క నుంచి కాగితం మీద వెతకండి, గ్రాహకం వైపు నుంచి లేజరు వైపు చూడకండి. సర్క్యూట్ మొత్తం ముందుగా మామూలు ఎర్ర ఎల్ఈడీతో నడిపి చూసుకుంటే ఈ సరిచూసే సమయం సగానికి సగం తగ్గుతుంది.

చివరగా పెట్టె మీద ఒక చీటీ అతికించండి: అదృశ్య లేజరు కిరణాలు, 780 నానోమీటర్లు, గరిష్ఠంగా 5 మిల్లీవాట్లు, నిరంతర కిరణం. ఇది ఇంట్లోవారి కోసమే కాదు. ఎవరికైనా చూపు మధ్యలో నల్లని లేదా మసక మచ్చ నిలిచిపోయినా, గీతలు వంకరగా కనిపించినా, నొప్పి లేదు కదా అని రేపటికి వాయిదా వేయవద్దు. అదే రోజు రెటీనా నిపుణుడి దగ్గరకు తీసుకెళ్లండి. కన్ను నలపవద్దు, చుక్కల మందు సొంతంగా వేయవద్దు. డాక్టరు మొదట అడిగేది తరంగదైర్ఘ్యం, శక్తి, ఎంతసేపు పడింది అన్నవే. మొదటి రెండూ ఆ చీటీ మీద ఉంటాయి.